యెరూషలేములో ఒక పచ్చబొట్ల దుకాణం



2019 ఏప్రిల్ నెలలో దేవుని కృపవలన పరిశుద్ధ దేశాన్ని చూసే భాగ్యం నాకు కలిగింది. బడిపంతులుగా పనిచేసి విరమించిన నాకు ఇది జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం. మా బృందంలో నలభై ఇద్దరం ఉన్నాము. ఎక్కువమంది పల్లెలవారే. పొలం చేసుకునేవారు, టీచర్లు, ఇద్దరు పాస్టరుగార్లు, ఊరగాయ సీసాలు సంచుల్లో సర్దుకొని వచ్చిన పెద్దమ్మలు. నెబో కొండ, యొర్దాను నది, గలిలయ సముద్రం, బేత్లెహేము చూసివచ్చినవారు వాటిని గురించి ఎంతో రాశారు. వాటిని నేను మళ్ళీ రాయబోవడం లేదు. యెరూషలేము పాత పట్టణంలో, మా కార్యక్రమంలో లేని ఒక చిన్న దుకాణంలో అనుకోకుండా అడుగుపెట్టాను. అక్కడ నాకు ఏనాడో నిద్రించిన మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గోడ మీది సిలువలు

మేము వెళ్ళినది మన ఈస్టరు అయిపోయిన వారం. తూర్పు సంఘాలవారి ఈస్టరు ఆ ఏడాది ఏప్రిల్ 28న వచ్చింది. అందుచేత పాత పట్టణం సందులన్నీ ఐగుప్తు, ఇతియోపియా, గ్రీసు, రష్యా యాత్రికులతో కిటకిటలాడుతున్నాయి. మా తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోకుండా కొంగు పట్టుకొని నడిచినట్లు మేమూ ఒకరి సంచి ఒకరు పట్టుకొని నడిచాము.

పరిశుద్ధ సమాధి మందిరంలో కిందికి దిగే మెట్లున్నాయి. అవి హెలేనా పేరుతో ఉన్న చిన్న గుడిలోకి పోతాయి. ఆ మెట్ల పక్క గోడ నిండా చిన్న చిన్న సిలువలు చెక్కి ఉన్నాయి. వందలు, వేలు. వేలు పెట్టి తడిమితే గాడి తెలుస్తుంది. పూర్వం వచ్చిన యాత్రికులు ఎవరికి వారే చెక్కుకున్నారని ఎంతోకాలంగా చెప్పుకునేవారు. ఈ గోడలను పరిశీలించిన పురావస్తు పండితులు 2021లో ఇంకొక మాట చెప్పారు. ఆ గాడుల లోతు, తీరు చూస్తే కొద్దిమంది పనివారే యాత్రికుల తరఫున చెక్కి ఉండవచ్చునట. అంటే, మన ఊళ్ళలో రాయడం రానివారు పోస్టుమాస్టరు చేత ఉత్తరం రాయించుకున్నట్లు, ఉలి పట్టడం రానివారు పనివాని చేత తమ సిలువను చెక్కించుకున్నారన్నమాట. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆనాడు మాత్రం ఆ గోడను చూసి, "ఇంతమంది తాము వచ్చామని ఎవరికి చెప్పాలని రాశారో" అనుకున్నాను.

మమ్మల్ని కలవడానికి ఆ రోజు ఒక తెలుగు సహోదరి వచ్చింది. నిజామాబాదు జిల్లా ఆడబిడ్డ. అక్కడ ముసలివారిని చూసుకునే పనిలో ఉంది. ఈ పని మీద మన తెలుగువారు ఆ దేశంలో చాలామందే ఉన్నారు. సెలవు దొరికిందని, తెలుగు మాట వినాలని బస్సెక్కి వచ్చింది. నేను గోడ తడుముతుంటే చూసి, "మాస్టారూ, రాతి మీద రాసుడు చూసిండ్రు. మనిషి ఒంటి మీద రాసుడు చూస్తారా?" అని అడిగింది.

ఏడు వందల ఏళ్ళ పని

యొప్పే ద్వారం లోపల ఒక ఇరుకు సందులో ఉంది ఆ దుకాణం. రజ్జూక్ అనే కుటుంబానిది. వీరు కాప్టిక్ క్రైస్తవులు. అంటే ఐగుప్తు దేశంలో మొదటి శతాబ్దాల నుంచి వస్తున్న సంఘానికి చెందినవారు. ఐగుప్తులో మొదలుపెట్టి ఇరవై ఏడు తరాలుగా, ఏడు వందల ఏళ్ళుగా పచ్చబొట్లు పొడవడమే తమ వృత్తి అని ఆ ఇంటివారు చెబుతారు. 18వ శతాబ్దంలో వారి పెద్దలు యెరూషలేముకు వచ్చి స్థిరపడ్డారు. మేము వెళ్ళేనాటికి వాసిం రజ్జూక్ అనే ఆయన దుకాణం నడుపుతున్నాడు.

లోపల ఒక బీరువాలో చెక్క అచ్చులు పేర్చి ఉన్నాయి. మన కలంకారీ అద్దకం అచ్చులు చూసినవారికి వీటి సంగతి చెప్పనక్కరలేదు, అలాంటివే. అరచేతిలో పట్టేంత ఒలీవ చెక్క ముక్కలు. ఒకదాని మీద సిలువ, ఒకదాని మీద పునరుత్థానం, ఒకదాని మీద మరియమ్మ ఒడిలో శిశువు, ఒకదాని మీద గుర్రమెక్కిన గియోర్గి. అచ్చుల్లో ఒకదాని మీద 1749 అనే సంవత్సరం చెక్కి ఉంది. అచ్చుకు రంగు అద్ది చేతి మీద ఒత్తితే గుర్తు పడుతుంది. ఆ గీతల వెంట సూదితో పొడుస్తారు. జాన్ కార్స్‌వెల్ అనే పండితుడు 1950లలో ఈ అచ్చుల బొమ్మలన్నిటినీ పుస్తకంగా అచ్చువేశాడు. అప్పుడు ఈ పని చేస్తున్న యాకోబు రజ్జూక్ శవపేటికలు చేసే వడ్రంగి కూడాను. మనిషి బ్రతికుండగా పెట్టే గుర్తు, చనిపోయాక పడుకునే పెట్టె, రెండూ ఒక్క చేతి పనే.

ఈ పద్ధతి ఎంత పాతదో వ్రాతపూర్వకంగా ఉంది. హలెబు పట్టణంలో ఇంగ్లీషు వర్తకులకు పాదిరిగా ఉన్న హెన్రీ మాండ్రెల్ 1697 ఈస్టరుకు యెరూషలేము వచ్చాడు. ఈస్టరు ముందటి శనివారం యాత్రికులు చేతులపై గుర్తులు వేయించుకోవడం చూసి తన ప్రయాణ గ్రంథంలో వివరంగా రాశాడు. చెక్క అచ్చును బొగ్గుపొడితో చేతిమీద ఒత్తేవారట. రెండు సన్నని సూదులను కలిపి కట్టి, తుపాకిమందు, ఎద్దు పిత్తం కలిపిన సిరాలో కలంలాగా ముంచుతూ పొడిచేవారట. చివర ద్రాక్షారసంతో కడిగేవారట. "కలంలాగా" అన్న పోలిక ఆయనదే. 1862లో ఇంగ్లండు యువరాజు, తరువాత ఏడవ ఎడ్వర్డు రాజు అయినవాడు, యెరూషలేములోనే చేతిమీద సిలువ గుర్తు వేయించుకున్నాడు. రాజైనా, రైతైనా చెయ్యి చాచి కూర్చోవలసినదే.

మేము వెళ్ళినప్పుడు సూదులు కొత్తవి, చేతులకు తొడుగులు, కరెంటు మిషను. గోడవార బల్లమీద ఒక ఐగుప్తు తల్లి కూర్చొని ఉంది. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. నల్లని గుడ్డ తలమీద కప్పుకుంది. కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ ఉంది, పాతబడి ఆకుపచ్చగా మారింది. అది చిన్ననాడే పొడిపించినదట. ఇప్పుడు ముంజేతిమీద పునరుత్థానపు బొమ్మ, దాని కింద 2019 అనే సంవత్సరం వేయించుకుంటోంది. పక్కన ఉన్న కూతురు కొద్దిగా ఇంగ్లీషులో చెప్పగా విన్నాము. వారి సంఘ పితామహుడు మూడవ షెనూదా, రాజకీయ కారణాల వలన, కాప్టిక్ విశ్వాసులు యెరూషలేము యాత్రకు రాకూడదని కట్టడి చేశాడు. ఆయన 2012లో మరణించాడు. ఆ తరువాతనే ముసలివారు మెల్లగా రావడం మొదలుపెట్టారు. ఈ తల్లి ఎన్నో ఏళ్ళు డబ్బు కూడబెట్టి, ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి వచ్చింది. ఫోటోలు పోతాయి, కాగితాలు పోతాయి. ఇది తనతో సమాధికి వస్తుందని ఆమె అన్నదట.

మణికట్టు సిలువను గురించి కూడా అడిగాను. ఐగుప్తులో క్రైస్తవులు కొద్దిమంది. పసిపిల్లల చేతికి ఆ గుర్తు వేయిస్తే, రేపు తల్లిదండ్రులు లేకపోయినా ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలుస్తుందని వారి నమ్మకం. 2017 మట్టలాదివారం నాడు తాంతా, అలెగ్జాండ్రియా పట్టణాల్లో ఆరాధనవేళ బాంబులు పేలి ఎంతోమంది చనిపోయిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అక్కడ చాలా గుళ్ళ వాకిట కావలివారు మణికట్టు చూసి లోపలికి పంపుతారు. ఆ చిన్న సిలువ గుడి వాకిలి తెరిపిస్తుంది. శత్రువు ఎదుట పడితే ప్రాణం మీదికీ తెస్తుంది. చెరిపివేయడానికి వీలులేదు, దాచడం కష్టం. తెలిసే వేయించుకుంటారు.

మా బృందంలోని పాస్టరుగారు ఒకరు దుకాణంలోకి రాలేదు, సందులోనే నిలబడ్డారు. "మాస్టారూ, లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం మరచిపోయారా?" అన్నారు.

నేను మరచిపోలేదు. మా ఇంట్లో ఆ అధ్యాయాన్ని ఎవరూ మరచిపోలేదు.

అమ్మమ్మ చెయ్యి

మాది కృష్ణా పడమటి డెల్టాలో కాలవ పక్క పల్లె. మా అమ్మమ్మకు చదువు లేదు. మా అమ్మకంటె ముందు ఆమెకు ఒక మగబిడ్డ పుట్టాడు. దానియేలు అని పేరు పెట్టుకున్నారు. నాలుగో ఏట కలరా వచ్చి ఒక్క రాత్రిలో పోయాడు. కాలవగట్టు పక్కన సమాధుల దొడ్లో పాతిపెట్టారు. రాయి నాటించే స్తోమత లేదు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి ఆ దిబ్బ నేలతో కలిసిపోయింది. ఫోటో అనేది ఆ రోజుల్లో మా వాడలో ఎవరూ ఎరగరు. బిడ్డ ఉన్నాడనడానికి గుర్తు ఏమీ మిగలలేదు.

అప్పట్లో ఎరుకల స్త్రీలు బుట్ట నెత్తిన పెట్టుకొని, పచ్చబొట్లు పొడుస్తామని కేక వేసుకుంటూ వీధుల వెంట వచ్చేవారు. దీపపు మసి, ఆకు పసరు కలిపి, సూదులు కట్టగట్టి పొడిచేవారు. చుక్కలు, తేలు, ముగ్గు, పెనిమిటి పేరు, ఎవరికి కావలసినది వారికి. సోలెడు బియ్యమో, పాత చీరో కూలి. అమ్మమ్మ ఒకామెను పిలిచి కూర్చోబెట్టింది. ఆ ఎరుకల అమ్మకూ అక్షరాలు రావు. బడికి పోయే ఒక పిల్లవాణ్ణి పిలిచి అరుగు మీద సుద్దతో పేరు రాయించారు. ఆమె దాన్ని చూస్తూ, ముగ్గు చూసి ముగ్గు వేసినట్లు, అమ్మమ్మ ఎడమ ముంజేతిమీద పొడిచింది. పైన పసుపు అద్దింది.

అమ్మమ్మ బాప్తిస్మము పొందిన విశ్వాసి. సంగతి సంఘ పెద్దలకు తెలిసింది. కూర్చోబెట్టి అడిగారు. చనిపోయినవారి కోసం దేహాన్ని కోసుకోకూడదు, పచ్చబొట్లు పొడుచుకోకూడదు అన్న లేవీయకాండపు ఆజ్ఞను చదివి వినిపించారు. ఆమె చేసినది చనిపోయినవాని కోసమే గదా! కాదని ఎలా అంటుంది? ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అమ్మమ్మ ఎదురు మాట్లాడలేదు. ఆ ఆరు నెలలూ ఒక్క ఆదివారం తప్పకుండా వచ్చి, వెనక చాపమీద కూర్చొని, బల్ల దగ్గరికి పిలిచే వేళకు లేచి వెళ్ళిపోయేదట. తిరిగి చేర్చుకున్న తరువాత చచ్చిపోయేదాకా ముంజేయి కప్పే పొడుగు చేతుల రవికెలే తొడుక్కుంది. ఎండాకాలం వరికుప్ప నూర్పుల్లో కూడా.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకనాడు బావి దగ్గర నాకు తల రుద్దుతోంది. రవికె చేతులు పైకి మడుచుకుంది. కొత్తగా చదువు వచ్చినవాణ్ణి, కనిపించిన ప్రతి అక్షరమూ పైకి చదివేవాణ్ణి. "దనియలు" అని చదివాను. దాకు దీర్ఘం లేదు, యేకు ఏత్వం లేదు. "అమ్మమ్మా, తప్పు రాశారు. ఇది దానియేలు కాదు" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. ఆ పేరు ఆమె చేతిమీద నుంచి పైకి చదివినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. కాసేపటికి, "ఏం ఫరవాలేదు లేరా, వాడి పేరేనని వాడికి తెలుసు" అంది. నీళ్ళు పోసింది.

వాక్యం చదివే తీరు

ఆ సందులో నిలబడి పాస్టరుగారితో ఈ సంగతి అంతా చెప్పాను. ఆయన మంచివారు, ఓపికగా విన్నారు. ఆ రాత్రి బసలో బైబిలు ముందు పెట్టుకొని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము.

లేవీయకాండపు ఆజ్ఞ ఉన్నమాట నిజం. ఇశ్రాయేలు చుట్టూ ఉన్న జనాంగాలు చచ్చినవారి కోసం దేహాలు కోసుకొని, గుర్తులు పెట్టుకొని చేసే ఆచారాలకు దేవుని ప్రజలు దూరంగా ఉండాలని దాని ఉద్దేశమని చాలామంది పండితుల అభిప్రాయం. అదే పరిశుద్ధ గ్రంథంలో యెషయా 44:5లో, ఒకడు తాను యెహోవావాడనని తన చేతిమీద వ్రాసుకునే మాట ఉంది. గాజా పట్టణపు పండితుడు ప్రొకోపియస్ 6వ శతాబ్దంలో ఆ వచనానికి వ్యాఖ్యానం రాస్తూ, క్రైస్తవులు అనేకులు తమ మణికట్లమీద, చేతులమీద సిలువ గుర్తునో, క్రీస్తు నామమునో పొడిపించుకుంటున్నారని చెప్పాడు. ఐగుప్తు తల్లి మణికట్టు మీద నేను చూసిన సిలువకు అంత చరిత్ర ఉంది.

ఇంకొక చోటు చూపించినవారు పాస్టరుగారే. యెషయా 49వ అధ్యాయం, 15, 16 వచనాలు. దేవుడు సీయోనును తన అరచేతులమీద చెక్కుకున్నానంటున్నాడు. ఆ మాటకు ముందున్న మాట ఏమిటో చూశారా? తల్లి తన చంటిబిడ్డను మరచునా అని. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. "ఆనాడు మీ పెద్దలు ఈ పేజీ కూడా తిప్పి ఉంటే బాగుండేది" అన్నారాయన.

పెద్దలను నేను నిందించడం లేదు. వారికి తెలిసినంతలో సంఘాన్ని కాపాడాలనుకున్నారు. కాని వారు పుస్తకంలోని అక్షరం చదివారు, ఎదుట కూర్చున్న మనిషి చేతిమీది అక్షరం చదవలేదు. "ఇది ఎవరి పేరమ్మా?" అని ఒక్కరు అడిగి ఉంటే సరిపోయేది.

ఇది చదివి మన యువకులు పచ్చబొట్లకు పరుగెత్తాలని నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్ళకు వ్రాయించుకున్న పేరు నలభై ఏళ్ళకు భారం కావచ్చు, తుడిచివేయడం ఖర్చుతోను నొప్పితోను కూడిన పని. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల వ్యాధి, ఎయిడ్సు క్రిమి అంటుకునే ప్రమాదం ఉంది. తిరునాళ్ళలో రోడ్డు పక్క మిషను దగ్గర కూర్చునే పిల్లలకు ఇది చెప్పాలి. పొడిపించుకున్న తరువాత ఏడాది పాటు రక్తదానానికి తీసుకోరు. సైన్యంలో చేరగోరేవారికి పచ్చబొట్టు ఎక్కడ ఉండవచ్చో గట్టి నిబంధనలున్నాయి. చేసేముందు పెద్దలతో ఆలోచించుకోవడం మేలు. పెద్దలు కూడా కోప్పడేముందు ఎందుకని అడగడం మేలు.

దుకాణంలో నిజామాబాదు సహోదరి నన్ను, "మాస్టారూ, మీరు వేయించుకోరా?" అని అడిగింది. వద్దన్నాను. నాకు కాగితం ఉంది, కలం ఉంది, చదువు ఉంది. ఇవేవీ లేనివారికి ఉన్న పలక వారి చెయ్యే.

ఇంటికి వచ్చిన తరువాత మా కుటుంబ బైబిలు తీశాను. ముందు పేజీల్లో మా తాతగారి కాలం నుంచి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసి ఉన్నాయి. అమ్మమ్మ బిడ్డల్లో మొదటి పేరు మా అమ్మది. దానికి పైన కొంచెం ఖాళీ ఉంది. అక్కడ "దానియేలు, నాలుగేళ్ళు" అని రాశాను. దీర్ఘమూ ఏత్వమూ సరిగా పెట్టాను. అమ్మమ్మ 1974లో ప్రభువునందు నిద్రించింది. ఆమె చేతిమీది పేరు ఆమెతోనే మట్టిలోకి పోయింది. వాడి పేరు కాగితం మీద పడడం ఇదే మొదలు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనో, మీ వాడలోనో ముంజేతిమీద పచ్చబొట్టు ఉన్న ముసలి తల్లి ఇంకా ఉండవచ్చు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె పక్కన కాసేపు కూర్చోండి. "ఇది ఏమిటమ్మా, ఎప్పుడు పొడిపించుకున్నావు, ఎవరి పేరు?" అని అడగండి. చెప్పినది చెప్పినట్లు ఒక కాగితం మీద రాసి, మీ కుటుంబ బైబిలులో పెట్టండి. తన అరచేతులమీద మనలను చెక్కుకున్న ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.